పిల్లల టీబీ: మందుతో పాటు ముద్ద కూడా

మన సొసైటీ సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయం పద్దు చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంటుంది. "టీబీకి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది కదా, ఇంక మనం చేయాల్సింది ఏముంది?" అని. అడిగేవారు సహాయం వద్దని అడగరు. జకాత్, సదఖా సొమ్ములో ప్రతి రూపాయీ అవసరమున్న చోటికే చేరాలన్న బాధ్యతతో అడుగుతారు. కాబట్టి దానికి సరైన జవాబు ఇవ్వాలి. నేను డాక్టరును కాను, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరును. అయితే ఈ విషయంపై మన దేశంలోనే జరిగిన పరిశోధనలు కొన్ని ఉన్నాయి. వాటిని లెక్కలతో సహా దాతల ముందు పెడితే, మన డబ్బు ఏ చోట ఎక్కువ పనిచేస్తుందో వారే నిర్ణయించుకోగలరని ఈ వ్యాసం రాస్తున్నాను.

టీబీ అనగానే మన కళ్ల ముందు కనిపించేది దగ్గుతూ, చిక్కిపోయిన పెద్దమనిషి. పిల్లలు గుర్తుకు రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు కోటీ ఎనిమిది లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది. వారిలో నూటికి 12 మంది పదిహేనేళ్ల లోపు పిల్లలు. మొత్తం రోగుల్లో నాలుగో వంతుకు పైగా, అంటే 26 శాతం, మన దేశంలోనే ఉన్నారు. ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లల టీబీ మన ఇంటి సమస్యే అని తెలుస్తుంది.

పెద్దవాళ్లలో ఈ జబ్బును పట్టుకోవడం కొంత సులభం. కళ్లె తీసి పరీక్ష చేస్తే క్రిమి కనిపిస్తుంది. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు, వచ్చింది మింగేస్తారు. అందుకే ఆస్పత్రిలో తెల్లవారుజామున పరగడుపున పిల్లవాడి కడుపులోంచి గొట్టం ద్వారా ద్రవం తీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. ఈ మధ్య మలం పరీక్షతో కూడా క్రిమిని గుర్తించే వీలు కలిగింది. అయినా చిన్నపిల్లల ఒంట్లో క్రిముల సంఖ్యే తక్కువ కాబట్టి ఏ పరీక్షకూ దొరకని కేసులు చాలా ఉంటాయి. అప్పుడు డాక్టరు ఎక్స్‌రే, లక్షణాలు, బరువు చూసి, అన్నింటికంటే ముఖ్యంగా "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" అని అడిగి నిర్ధారించాల్సి వస్తుంది.

ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, చిన్నపిల్లలకు టీబీ వచ్చేది సాధారణంగా తోటి పిల్లల నుంచి కాదు. ఇంట్లోనో, పక్కింట్లోనో, ట్యూషన్‌లోనో ఉన్న పెద్దవాళ్ల నుంచి. ఒక పసివాడికి టీబీ అని తేలిందంటే ఆ చుట్టుపక్కల ఇంకా బయటపడని పెద్ద రోగి ఎవరో ఉన్నారని అనుకోవాలి. ఈ మాట బడుల్లో పనిచేసే మాకు చాలా అవసరం. జబ్బు చేసిన చిన్నపిల్లను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టడం, పక్క పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేయడం నేను చూశాను. చిన్నపిల్లల దగ్గు ద్వారా టీబీ అంటుకోవడం అరుదని, వారి ఇంట్లో పెద్దలకు పరీక్ష చేయించడం అసలు పని అని చెబితే చాలామంది శాంతిస్తారు.

క్రిమి ఒంట్లో చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. ఎక్కువమందిలో అది ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎవరిలో లేస్తుంది, ఎవరిలో లేవదు అన్నది రెండింటి మీద బాగా ఆధారపడి ఉంటుంది. ఒకటి వయసు. మందులు లేని కాలంలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి రాసిన వైద్యుల లెక్క ప్రకారం, ఏడాదిలోపు పసిబిడ్డకు క్రిమి సోకితే దాదాపు సగం మందికి జబ్బుగా మారేది. ఐదు నుంచి పదేళ్ల పిల్లల్లో అది చాలా తక్కువ. యౌవనం వచ్చేసరికి మళ్లీ పెరుగుతుంది. పసివారిలో మరో ప్రమాదం ఏమిటంటే క్రిమి ఊపిరితిత్తుల్లో ఆగకుండా రక్తంలో కలిసి మెదడు పొరలకు చేరుతుంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా పిల్లలను ముఖ్యంగా ఈ మెదడు టీబీ నుంచే కాపాడుతుంది. మన దేశంలో ఆ టీకా మొదలైంది కూడా మన తెలుగు నేల మీదే, 1948లో మదనపల్లెలో. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం పేరు మన పెద్దవాళ్లు వినే ఉంటారు. అయితే పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదని ఆ తర్వాత తమిళనాడులోని చెంగల్పట్టులో జరిగిన భారీ అధ్యయనం తేల్చింది. టీకా వేయించాం కదా అని నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికే ఇది రాశాను.

రెండోది తిండి. ఒంట్లోకి వచ్చిన టీబీ క్రిమిని చుట్టుముట్టి కట్టడి చేసేవి మన రక్షణ కణాలు. అవి తయారు కావాలంటే మాంసకృత్తులు కావాలి, జింకు, ఇనుము, విటమిన్లు కావాలి. పోషకాహారం అందని పిల్లల్లో ఈ కణాలను తయారుచేసి పంపే గ్రంథే కుంచించుకుపోతుంది. అలాంటి పిల్లలకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష కూడా కొన్నిసార్లు పొంగదు. ఎందుకంటే పరీక్షకు స్పందించే శక్తి కూడా ఒంట్లో ఉండదు. ఇంకోవైపు టీబీ వచ్చిందంటే ఆకలి చస్తుంది, జ్వరానికి ఒంట్లో కండ కరుగుతుంది. ఆకలి జబ్బును తెస్తుంది, జబ్బు ఆకలిని చంపుతుంది. ఒక ఇంట్లో కూలికి వెళ్లే మనిషికే టీబీ వస్తే ఆ ఇంటి మొత్తం పళ్లెం తగ్గుతుంది, అదే సమయంలో ఆ ఇంటి పిల్లలు రోజూ క్రిమిని పీల్చుతుంటారు. పిల్లలకు క్రిమి ఎక్కువగా తగిలేదీ, తిండి బాగా తగ్గేదీ ఒకే కొన్ని నెలల్లో.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 నాటి లెక్కల్లో, ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. తెలంగాణలో నూటికి 70 మంది పసివారికి రక్తహీనత ఉంది. పోషకాహారంపై దేశానికే దిక్సూచిగా ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. దీపం కింద చీకటి అంటే ఇదేనేమో.

మద్రాసు అధ్యయనం: మేలు ఎంత, మరుపు ఎంత

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. అది తెలిస్తే, టీబీ కార్యక్రమంలో తిండి మాట ఇన్నాళ్లూ ఎందుకు వెనకపడిందో అర్థమవుతుంది.

మందులు రాకముందు టీబీకి చికిత్స అంటే శానిటోరియం. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. డబ్బున్నవారికీ, అదృష్టవంతులకూ మాత్రమే మంచం దొరికేది. 1940ల చివర్లో స్ట్రెప్టోమైసిన్, ఆ వెంటనే ఐసోనియాజిడ్ వచ్చాయి. అప్పుడు ఒక ప్రశ్న లేచింది. ఇంత బీద దేశంలో లక్షల మందికి శానిటోరియాలు కట్టగలమా, లేక ఇంటి దగ్గరే మందులు ఇస్తే సరిపోతుందా?

1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ మొదలైంది. బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో అక్కడ పేద రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం శానిటోరియంలో, మంచి తిండితో, విశ్రాంతితో. ఇంకో వర్గం తమ ఇరుకు ఇళ్లలోనే, తమకున్న తిండితోనే. మందులు ఇద్దరికీ ఒకటే. 1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియంలో ఉన్నవారి బరువు ఎక్కువ పెరిగింది కానీ, జబ్బు నయం కావడంలో రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా ముప్పు పెరగలేదని కూడా తర్వాత తేలింది.

ఈ అధ్యయనం ప్రపంచం మొత్తానికి మేలు చేసింది. మంచం దొరకదన్న భయం పోయింది. ఇంటి దగ్గర ఉచిత మందులు అనే ఇవాళ్టి పద్ధతికి పునాది అదే. కానీ దాంతో పాటు ఒక పొరపాటు అవగాహన కూడా పాతుకుపోయింది. "మందు సక్రమంగా పడితే చాలు, తిండితో పనిలేదు" అని. మద్రాసు వైద్యులు అడిగిన ప్రశ్న, మందులు వేసుకుంటున్న రోగి నయమవడానికి శానిటోరియం తప్పనిసరా అని. ఆ ఇంట్లో ఇంకా జబ్బు రాని పిల్లలు తిండి లేక రేపు రోగులవుతారా అన్న ప్రశ్న వారు అడగలేదు. అడగని ప్రశ్నకు కూడా జవాబు వచ్చేసిందని అందరూ అనుకోవడంతో దశాబ్దాలు గడిచాయి.

నిజానికి ఆ రెండో ప్రశ్నకు పాత ఆధారాలు లేకపోలేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర పాప్‌వర్త్ అనే చోట పెండ్రిల్ వేరియర్ జోన్స్ అనే వైద్యుడు 1918లో టీబీ రోగుల కోసం ఒక గ్రామాన్నే ఏర్పాటు చేశాడు. రోగి కుటుంబంతో సహా అక్కడే ఉంటాడు, చేయగలిగినంత పని, దానికి కూలి, శుభ్రమైన ఇల్లు, సరిపడా తిండి. అప్పటికి మందులూ లేవు, ఆ ఊళ్లో బీసీజీ కూడా లేదు. రోగులతో కలిసి పెరుగుతున్నారు కాబట్టి అక్కడ పుట్టిన పిల్లలకు క్రిమి సోకడం తగ్గలేదు. కానీ జబ్బుగా మారడం మాత్రం బాగా తగ్గిపోయింది. క్రిమి అదే, ఇల్లు అదే, తేడా అల్లా బతుకు తీరులో.

రెండో ప్రపంచయుద్ధం నాటి సంగతి మరొకటి ఉంది. దాతలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. జర్మనీ బందీ శిబిరంలో బ్రిటిష్ సైనికులు, రష్యా సైనికులు ఒకేలాంటి పరిస్థితుల్లో ఉన్నారు. బ్రిటిష్ వారికి రెడ్‌క్రాస్ నుంచి తిండి పార్సెళ్లు వచ్చేవి. రష్యా వారికి రాలేదు. తర్వాత ఎక్స్‌రేలు తీసి చూస్తే రష్యా బందీల్లో టీబీ బ్రిటిష్ వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. ఎక్కడో ఎవరో సర్ది పంపిన ఒక పెట్టె చేసిన తేడా అది. అయితే ఇలాంటి పరిశీలనలకు శాస్త్రవేత్తలు ఒక అభ్యంతరం చెబుతారు. ఆ రెండు వర్గాల మధ్య తిండి కాక ఇంకేవో తేడాలు కూడా ఉండి ఉండవచ్చు కదా అని. అది న్యాయమైన అభ్యంతరమే.

జార్ఖండ్‌లో ఏం చేశారు

ఆ అభ్యంతరానికి సమాధానం మన దేశంలోనే దొరికింది. దాని పేరు రేషన్స్ అధ్యయనం. మంగళూరుకు చెందిన వైద్య దంపతులు అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ దీన్ని నడిపించారు. భారత వైద్య పరిశోధన మండలి, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ ఇందులో భాగస్వాములు. చిత్రమేమిటంటే ఈ చెన్నై సంస్థ మరెవరో కాదు, నాటి మద్రాసు టీబీ కీమోథెరపీ సెంటరే.

జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 28 టీబీ యూనిట్లను ఎంచుకున్నారు. 2019 ఆగస్టులో మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న 2,800 మంది రోగులు, వారి ఇళ్లలో ఉండే 10,345 మంది కుటుంబ సభ్యులు ఇందులో చేరారు. మూడింట రెండొంతుల మంది సంతాల్, హో, ముండా, ఒరావ్ వంటి ఆదివాసులు. కుటుంబ సభ్యుల్లో 34 శాతం మంది మొదటి రోజుకే పోషకాహార లోపంతో ఉన్నారు. రోగుల్లో అయితే ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువు లేరు.

రోగులందరికీ, ఏ వర్గంలో ఉన్నా, నెలకు పది కిలోల తిండి పెట్టె ఇచ్చారు. బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె, వాటితో విటమిన్ మాత్రలు. జబ్బు మనిషికి తిండి ఇవ్వకుండా పరీక్ష చేయడం ధర్మం కాదు కాబట్టి అందులో తేడా పెట్టలేదు. తేడా కుటుంబ సభ్యుల దగ్గర పెట్టారు. ఏ యూనిట్లు ఏ వర్గంలోకి వెళ్లాలో లాటరీ తీసినట్టుగా నిర్ణయించారు. ఒక వర్గంలో కుటుంబ సభ్యులు తమ మామూలు తిండే తిన్నారు. రెండో వర్గంలో ప్రతి పెద్ద మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. పదేళ్లలోపు పిల్లలకు అందులో సగం.

కిలోన్నర కందిపప్పు అంటే రోజుకు 50 గ్రాములు. బియ్యంతో కలిపి చూస్తే రోజుకు అదనంగా 750 క్యాలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు. మన ఇళ్లలో ఇది విందు భోజనం కాదు, ఒక పూట పప్పన్నం.

కుటుంబ సభ్యులను దాదాపు రెండేళ్ల పాటు గమనించారు. మధ్యలో కరోనా వచ్చినా పని ఆపలేదు. మొత్తం 218 మందికి టీబీ వచ్చింది. తిండి అందని వర్గంలో 4,712 మందిలో 122 మందికి. తిండి అందిన వర్గంలో 5,602 మందిలో 96 మందికి. శాతాల్లో చెప్పాలంటే 2.6, 1.7. గమనించిన కాలం, ఇతర తేడాలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక, తిండి వల్ల అన్ని రకాల టీబీ 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే, పరీక్షలో క్రిమి కనిపించే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం, అంటే సుమారు సగం తగ్గింది. పెద్దలకు పూర్తిగా పనిచేసే టీకా కోసం ప్రపంచం వందేళ్లుగా ఎదురుచూస్తోంది. పప్పన్నం ఈలోగా సగం టీకా పని చేసి చూపించింది. 2023 ఆగస్టులో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికల్లో అచ్చయ్యాయి.

రోగుల సంగతి కూడా చెప్పాలి. చేరిన రోజున పని చేయగల స్థితిలో ఉన్నది నూటికి ముగ్గురే. చికిత్స ముగిసేసరికి 75 మంది పనిలోకి వెళ్లారు. మొదటి రెండు నెలల్లో కనీసం 5 శాతం బరువు పెరిగినవారిలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా ఉంది. నలభై కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలు. జబ్బు తేలికగా ఉన్నవారే త్వరగా బరువు పెరిగి ఉండవచ్చు కాబట్టి ఈ 61 మొత్తం తిండి గొప్పే అని నేను అనను. కుటుంబ సభ్యుల ఫలితం లాటరీ పద్ధతిలో వచ్చింది కాబట్టి దానికి బలం ఎక్కువ.

ఇంకో నిజం కూడా దాచకూడదు. ఈ అధ్యయనం పిల్లల కోసమే చేసింది కాదు, ఇంట్లోని అన్ని వయసులవారి మీద చేసింది. కానీ పిల్లలకు టీబీ వచ్చేది ఇంట్లోని పెద్దల నుంచే అని ముందే చెప్పుకున్నాం. ఇంట్లో తల్లికి, మేనత్తకు, అన్నకు టీబీ రాకుండా ఆపితే ఆ ఇంటి పసివాడికి రెండు విధాలా రక్షణ.

ఒక టీబీ కేసును ఆపాలంటే ఇలా ఎన్ని ఇళ్లకు తిండి ఇవ్వాలని వారు లెక్క వేశారు. 30 ఇళ్లకు. ఖర్చు ఆనాటి ధరల్లో రోగికి నెలకు 13 డాలర్లు, కుటుంబ సభ్యులకు తలా 4 డాలర్లు. ముప్పై ఇళ్లకు ఒక్క కేసేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ముప్పై ఇళ్లలోనూ అన్నం తిన్న పిల్లల ఎదుగుదల, కూలికి తిరిగి వెళ్లిన తండ్రి సంపాదన ఈ లెక్కలో చేరలేదు.

ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, మధ్యలో ఖాళీలూ ఉన్నాయి

ప్రభుత్వం చేస్తున్నది తక్కువ కాదు. మందులు, పరీక్షలు ఉచితం. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్సలో ఉన్న ప్రతి రోగికీ నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. రేషన్ బియ్యం ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు 1975లో మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీలు ఉన్నాయి, గుడ్డు, బాలామృతం ఇస్తున్నారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంది. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత వండిన భోజనం దేశమంతటా హక్కుగా మారింది.

బడిలో ఉండి నేను చూసే ఖాళీ ఏమిటంటే, మధ్యాహ్న భోజనం బడికి వచ్చిన పిల్లకే. జబ్బుపడి ఇంట్లో ఉన్న పిల్లకు ఎక్కువ తిండి కావాల్సిన నెలల్లోనే ఆ గుడ్డు, ఆ పప్పు అందవు. తండ్రికి టీబీ వచ్చి తల్లి పనికి వెళ్తే తమ్ముణ్ని చూసుకోవడానికి బడి మానేసే ఎనిమిదేళ్ల అమ్మాయికీ అందవు. ఆ అమ్మాయికి జబ్బు లేదు కాబట్టి నిక్షయ్ డబ్బూ లేదు. అంగన్‌వాడీ వయసు దాటింది. రేషన్ కార్డులో పేరుంటే బియ్యం ఉంటాయి, కానీ పప్పు, నూనె కొనాలి. ఇంటి పెద్ద మంచాన పడ్డప్పుడు మొదట ఆగిపోయేవి అవే. అద్దె ఇళ్లు మారుతూ తిరిగే కుటుంబాలకు ఆ కార్డు కూడా పాత ఊళ్లోనే ఉండిపోతుంది. మందు కిట్టు ఇంటికి చేరుతుంది, ముద్ద చేరదు.

ఈ ఖాళీని ప్రభుత్వమే గుర్తించి దాతలకు తలుపు తెరిచింది. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు వచ్చింది. వ్యక్తులు, సంఘాలు, కంపెనీలు ఎవరైనా పేరు నమోదు చేసుకుని, రోగి ఒప్పుకుంటే, చికిత్స కాలమంతా నెలనెలా ఆహార కిట్టు ఇవ్వవచ్చు. 2024లో దీన్ని రోగుల కుటుంబ సభ్యులకు కూడా వర్తింపజేశారు. జార్ఖండ్ ఫలితాలు వచ్చాకే ఈ మార్పు జరిగింది. మన సొసైటీ నమోదు చేసుకుంటే ఏ ఇంటికి కిట్టు కావాలో టీబీ యూనిట్ సిబ్బందే చెబుతారు. ఒకే ఇంటికి ఇద్దరు ఇవ్వడం, ఒక ఇంటికి ఎవరూ ఇవ్వకపోవడం తప్పుతుంది.

మన కిట్టు ఎలా ఉండాలి

రంజాన్‌లో మనం ఇచ్చే రేషన్ కిట్టు గురించి ఇక్కడ ఒక మాట. అది పండుగ నెలలో ఒక ఇంటి గౌరవాన్ని నిలబెడుతుంది, దాన్ని తగ్గించమని ఎవరూ అనరు. అయితే టీబీ చికిత్స కనీసం ఆరు నెలలు. పిల్లల్లో జబ్బు తీవ్రంగా లేకపోతే నాలుగు నెలలు సరిపోతుందని ఆఫ్రికాలో మూడు దేశాల్లో, మన దేశంలో చెన్నై, పుణేల్లో జరిగిన అధ్యయనం 2022లో తేల్చింది. ఏదైనా ఒక్క నెల కిట్టుతో అయ్యే పని కాదు. 120 కిట్లకు సరిపడా డబ్బు ఉందనుకుందాం. 120 ఇళ్లకు ఒక్కోసారి ఇవ్వవచ్చు, లేదా టీబీ ఉన్న 20 ఇళ్లకు ఆరు నెలలూ ఇవ్వవచ్చు. మొదటి పద్ధతిలో ఎక్కువమందికి అందుతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. టీబీ విషయంలో మాత్రం రెండోదే పనిచేస్తుందని జార్ఖండ్ చెబుతోంది. వంద ఇళ్లకు లేదని చెప్పాల్సి రావడం కష్టమే. ఆ కష్టమైన నిర్ణయం కమిటీ తీసుకోవాలని నా అభిప్రాయం.

కిట్టులో బియ్యం బరువు తగ్గించి పప్పు పెంచాలి. రేషన్ బియ్యం చాలా ఇళ్లలో ఉంటాయి. కందిపప్పు, శనగలు, పల్లీలు, నూనె, వారానికి సరిపడా గుడ్లు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, వంద గ్రాముల కందిపప్పులో సుమారు ఇరవై రెండు. డబ్బాల్లో వచ్చే ఖరీదైన ప్రోటీన్ పొడులు డాక్టరు రాస్తే తప్ప అక్కర్లేదు. ఆ డబ్బుతో పల్లీలు, బెల్లం, గుడ్లు కొంటే ఇంటిల్లిపాదీ తింటారు. ఇంటిల్లిపాదీ అన్నది ముఖ్యం. రోగికి మాత్రమే ఇస్తే తల్లి దాన్ని పిల్లలకు పెడుతుంది, పిల్లలకు మాత్రమే ఇస్తే రోగికి పెడుతుంది. ఏ తల్లి అయినా అంతే. అందుకే మనుషుల లెక్కన ఇవ్వాలి, పదేళ్లలోపు పిల్లలకు సగం చొప్పున.

కిట్టు ఇచ్చే రోజునే బరువు తూచాలి. మామూలు తూకం యంత్రం చాలు. పిల్లల బరువు మూడు నెలలుగా పెరగకపోయినా, రెండు వారాలకు మించి దగ్గో జ్వరమో ఉన్నా, మెడ దగ్గర గడ్డలు కనిపించినా, ఎప్పుడూ ఆడుకునే పిల్ల నీరసంగా మూలన కూర్చున్నా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఈ జాగ్రత్త విలువ ఎంతంటే, మందులు లేని రోజుల్లో టీబీ వచ్చిన ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి నలభై మందికి పైగా చనిపోయేవారు. చికిత్స అందిన పిల్లల్లో ఇవాళ చనిపోయేది నూటికి ఒకరికంటే తక్కువ. జబ్బు లేని పిల్లలకు, ముఖ్యంగా ఐదేళ్లలోపు వారికి, ముందుజాగ్రత్తగా ఇచ్చే మందుల కోర్సు ఉంది. అది కూడా ఉచితమే. "జబ్బు లేని బిడ్డకు మందెందుకు" అని నానమ్మలు, నానీలు అడ్డుపడతారు. తిండి కిట్టు పట్టుకుని నెలనెలా వెళ్లే మన వాలంటీరు చెబితే వినే అవకాశం ఎక్కువ. అన్నం పెట్టిన చేతి మాటకు విలువ ఉంటుంది.

చివరగా గోప్యత. టీబీ అని తెలిస్తే పెళ్లి సంబంధాలు ఆగిపోతాయని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, మన ఇళ్లలో భయం ఉంది. కోడలికి టీబీ అని పుట్టింటికి పంపేసిన ఇళ్లు ఉన్నాయి. బ్యానరు కట్టి, వరుసలో నిలబెట్టి, కిట్టు చేతికిచ్చి ఫొటో తీస్తే ఆ కుటుంబం వచ్చే నెల రాదు. కిట్టుతో పాటు చికిత్స కూడా ఆగిపోవచ్చు. కాబట్టి సంచి మీద సొసైటీ పేరు వద్దు, టీబీ అన్న మాట అసలే వద్దు. మామూలు కిరాణా సంచిలో, మగ్రిబ్ తర్వాత, ఆ వీధిలో అందరికీ తెలిసిన ఒక వాలంటీరు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి. దాతలకు నివేదికలో పేర్లు ఇవ్వరు. ఎన్ని ఇళ్లు, ఎంతమంది పిల్లలు, మొదటి నెల బరువు ఎంత, ఆరో నెల బరువు ఎంత అన్న అంకెలు మాత్రం వచ్చే సంవత్సరం ఇదే సంచికలో అచ్చువేయవచ్చు.